నీడపట్టున కమీలియా: మొగ్గ రాలకుండా పెంచే పద్ధతి

తోటలో ఎండ సరిగ్గా పడని మూల ఒకటి దాదాపు అందరికీ ఉంటుంది. పెద్ద చెట్టు కిందో, ఎత్తైన గోడ పక్కనో. అక్కడ గులాబీ పెడితే సన్నగా సాగిపోతుంది, పచ్చిక వేస్తే చివరికి నాచే మిగులుతుంది. అలాంటి చోటికి నేను మొదట చెప్పే మొక్క కమీలియా. ఏడాది పొడవునా నూనె రాసినట్టు మెరిసే ముదురుపచ్చ ఆకు, మిగతా తోటంతా మోడుబారి ఉన్న చలిరోజుల్లో అరచేతి వెడల్పు పూలు. సరిగ్గా కుదురుకుంటే నాటిన మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పిల్నిట్జ్ కోట తోటలో ఉన్న కమీలియా వయసు రెండు వందల ఏళ్ళ పైమాటే. చలికాలం రాగానే దాని చుట్టూ ఒక గాజు ఇంటిని జరిపి కాపాడుతారు.

అయినా ఈ మొక్క పెంచేవాళ్ళ దగ్గర ఎక్కువగా వినే బాధ ఒకటుంది: "మొక్క నిండా మొగ్గలొచ్చాయి, ఒక్కటీ విచ్చుకోకుండా రాలిపోయాయి" అని. నా మొదటి మొక్కకూ అదే జరిగింది. రాలిన మొగ్గను గోటితో చీల్చి చూస్తే పైపొలుసులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, లోపలి రేకులు మాత్రం గోధుమ రంగుకు తిరిగి పాత కాగితంలా ఎండి ఉన్నాయి. చలికి పోయిందనుకుని రెండేళ్ళు గుడ్డలు కప్పుతూ వచ్చాను. ఏమీ మారలేదు. అసలు తప్పు అంతకు కొన్ని నెలల ముందే, వేసవిలో, వేళ్ళ దగ్గర జరిగిందని తెలిశాక ఆ మొక్కను చూసే పద్ధతే మారిపోయింది. చోటు చూసుకోవడం నుంచి అంటు కట్టడం దాకా అన్నీ చెబుతాను. కానీ నాటే లోతు, వేసవి నీళ్ళు అనే రెండు చోట్ల మాత్రం కాస్త ఆగి చదవండి.

మొక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఏ రకం తెచ్చుకోవాలి

కమీలియాది తేయాకు కుటుంబం. మనం తాగే టీ కూడా కమీలియా సైనెన్సిస్ అనే జాతి ఆకే. ఫిలిప్పీన్స్‌లో ఉంటూ అక్కడి మొక్కలను పరిశీలించిన జార్జ్ జోసెఫ్ కమెల్ (1661–1706) అనే జెసూయిట్ (ఒక క్రైస్తవ సంఘం) మతబోధకుడి పేరు మీద, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి ఈ పేరు పెట్టాడు.

దీని పుట్టిల్లు ఆసియాలో తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల అడవులు. అక్కడ ఇది పెద్ద చెట్ల కింద, వాటి కొమ్మల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగే వెలుతురులో పెరుగుతుంది. కింద నేల రాలిన ఆకులు కుళ్ళి మెత్తగా, కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. తడి ఉంటుంది, నీళ్ళు మాత్రం నిలవవు. ఈ దృశ్యాన్ని మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే. ఇకపై చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ అడవి నేలను మన మూలలోకి తెచ్చుకోవడానికే.

తోటల్లో ఎక్కువగా కనిపించేది కమీలియా జపోనికా. ఆకు పెద్దది, దళసరి. పూలు చలికాలం నుంచి వసంతం దాకా వస్తాయి. నీడను బాగా ఓర్చుకుంటుంది. కమీలియా ససాంక్వాకు ఆకు, పువ్వు రెండూ చిన్నవి, కానీ పూత ముందే, శరదృతువులోనే మొదలవుతుంది. చాలా రకాలకు సన్నటి వాసన కూడా ఉంటుంది. జపోనికా కంటే ఇది ఎండకు ఎక్కువ తట్టుకుంటుంది. విలియమ్సియై అనేవి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో జె.సి. విలియమ్స్ మొదలుపెట్టిన సంకర రకాలు. వాటిలో ఒక సుగుణం ఉంది: వాడిన పువ్వును తమంతట తామే రాల్చేస్తాయి. జపోనికాలో చాలా రకాలకు వాడిన పువ్వు కొమ్మకే అంటుకుని గోధుమ రంగులో వేలాడుతుంటుంది, చేత్తో తీయాలి. రెటిక్యులాటా పూలు అన్నిటికంటే పెద్దవి, కానీ చలికి సున్నితం. మొదటిసారి పెంచేవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడం మంచిది.

తెల్లటి, లేత గులాబీ పూల మీద ఎండ మచ్చ, వాన మచ్చ వెంటనే కనబడుతుంది. ముదురు ఎరుపులో అంతగా తెలియదు. మీ మూలకు వాన నేరుగా కొట్టేటట్టయితే ఎర్రటి ఒంటిరేకు రకమో, అరముద్ద రకమో చూసుకోండి. బాగా దట్టమైన ముద్దపూలు తడిసి బరువెక్కి, విచ్చుకోకముందే కుళ్ళే ప్రమాదం ఉంటుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇది చల్లటి చలికాలాన్ని కోరే మొక్క. మొగ్గ కట్టేది వెచ్చటి రోజుల్లో, విచ్చుకునేది చల్లటి రోజుల్లో. నేలలో నిలదొక్కుకున్న జపోనికా రకాలు చాలావరకు మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా తట్టుకుంటాయి. కానీ చలి అన్నదే రాని వేడి మైదానాల్లో మొక్క ఆకుతో బతుకుతుందే తప్ప పువ్వు అంతగా ఇవ్వదు. అలాంటి వాతావరణంలో ఉన్నవాళ్ళు దీని కోసం డబ్బూ శ్రమా పోగొట్టుకోవద్దు.

చోటు: నీడ అంటే చీకటి కాదు

రోజంతా గుడ్డి వెలుతురు ఉండే చోట కమీలియా చావదు, పూయదు. దానికి కావాల్సింది కదిలే నీడ. చెట్టు ఆకుల మధ్య నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడి జరుగుతుంటుంది చూడండి, అదీ. లేదా పొద్దున్న రెండు మూడు గంటల నీరెండ, ఆ తర్వాత నీడ. మధ్యాహ్నం, సాయంత్రం పడమటి ఎండ నేరుగా పడే చోటు మాత్రం వద్దు. ఎండకు ఎదురుగా ఉన్న వైపు ఆకుల మీద ఇత్తడి రంగు మచ్చలు వచ్చి, మధ్యలో కాలినట్టు అవుతుంది. ఆ మచ్చ మళ్ళీ పచ్చబడదు.

మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో పొద్దున్న ఎండకూ ఒక చిక్కు ఉంది. రాత్రి గడ్డకట్టిన మొగ్గ మీద తెల్లవారగానే ఎండ పడితే అది ఒక్కసారిగా కరిగి లోపల కణాలు చెడిపోతాయి. అదే మొగ్గ నీడలో మెల్లగా కరిగితే చాలాసార్లు బతికిపోతుంది. అందుకని అలాంటి చోట తూర్పు ఎండ నేరుగా తగలని మూల ఎంచుకోవాలి. మంచు పడని చోట్ల ఈ టెన్షన్ అక్కర్లేదు, పొద్దుటి ఎండే మేలు.

చెట్టు కింద నాటేటప్పుడు ఆ చెట్టు వేళ్ళ తీరు కూడా చూడండి. వేళ్ళు లోతుకు దిగే చెట్టయితే కమీలియాకు నీడ ఇస్తుంది, నీళ్ళు లాక్కోదు. నేలపైనే అల్లుకునే వేళ్ళున్న చెట్టు కింద అయితే మీరు పోసే ప్రతి చెంబు నీళ్ళలో ముప్పావు చెంబు ఆ చెట్టే తాగుతుంది. గునపంతో ఒకచోట తవ్వి చూడండి. జాన లోతు లోపే సన్న వేళ్ళు చాపలా అల్లుకుని ఉంటే కొంచెం పక్కకు జరగడం మంచిది.

నేల

కమీలియాకు మట్టి పీహెచ్ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత, ఏడు కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే హాయి. ఏడు దాటితే ఇనుము మట్టిలో ఉన్నా వేళ్ళు తీసుకోలేవు. అప్పుడు కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. నాటకముందే పీహెచ్ పరీక్ష చేయించండి, లేదా చిన్న కిట్‌తో మీరే చూసుకోండి. నేల సున్నపు నేలైతే గుంతలో రెండు బస్తాల ఆకు ఎరువు వేసి సరిపెడదామనుకోవద్దు. చుట్టూ ఉన్న సున్నం నీళ్ళతో పాటు ఏడాది రెండేళ్ళలో లోపలికి వచ్చేస్తుంది. అలాంటి చోట కుండీయే దారి. సిమెంటు గోడ పునాదికి ఆనుకుని నాటినా ఇదే ఇబ్బంది, కనీసం ఒక మీటరు దూరం ఉంచండి.

వాడిన టీపొడి, కాఫీ పిప్పి వేస్తే నేల ఆమ్లంగా మారుతుందని చాలామంది నమ్ముతారు. మరిగించాక మిగిలే పిప్పిలో ఆమ్లగుణం దాదాపు ఉండదు. కంపోస్టులో కలిపి వేస్తే మట్టి గుల్లబారుతుంది, అంతవరకే. పీహెచ్ తగ్గించాలంటే గంధకం పొడి పనిచేస్తుంది, కానీ నెలలు పడుతుంది, మళ్ళీ మళ్ళీ పరీక్షించుకుంటూ కొద్దికొద్దిగా వేయాలి.

ఇక నీళ్ళు ఇంకే తీరు. ఒక అడుగు లోతు గుంత తీసి నీళ్ళతో నింపండి. అవి ఇంకిపోయాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసినవి నాలుగైదు గంటల్లో ఇంకిపోతే సరే. మర్నాటికీ నిలబడి ఉంటే అక్కడ కమీలియా వేళ్ళు కుళ్ళి చస్తుంది. బంకమట్టి నేలవాళ్ళు గుంత ఇంకా లోతు తవ్వి ఇసుక నింపుతుంటారు. దానివల్ల అది నీళ్ళు చేరే తొట్టిలా మారుతుందే గానీ లాభం లేదు. మట్టిని పైకి ఎత్తండి: జానెడు ఎత్తు, మీటరు వెడల్పు మట్టిదిబ్బ కట్టి, ఆకు ఎరువు బాగా కలిపి, దాని మీద నాటండి.

నాటడం: వేరు మెడ పైకే ఉండాలి

ఎక్కువ మొక్కలు పాడయ్యేది ఇక్కడే. కమీలియా వేళ్ళు సన్నవి, మట్టి పైపొరలోనే పరుచుకుంటాయి. వాటికి గాలి కావాలి. మిగతా మొక్కల్లా కాస్త లోతుగా పెట్టి మట్టి నొక్కితే గట్టిగా నిలబడుతుందిలే అనుకుంటాం. అది వెంటనే చావదు. రెండు మూడేళ్ళు ఎదగదు, ఆకు చిన్నబడుతుంది, మొగ్గ కడుతుంది, రాల్చేస్తుంది. ఎండకు అనుకుంటాం, చలికి అనుకుంటాం, మట్టి కింద ఏముందో చూడం.

పూత అయిపోయాక గానీ, వేసవి వేడి తగ్గిన శరదృతువులో గానీ నాటుకోండి. ముందుగా కుండీతో సహా మొక్కను బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. తర్వాత కుండీ తీసేసి, కాండం మట్టిలోకి దిగే చోట వేలితో మెల్లగా గీకండి. కాండం కింద కొంచెం ఉబ్బి, మొదటి వేరు పక్కకు తిరిగే చోటు తగులుతుంది. అదే వేరు మెడ. నర్సరీలో కుండీ మార్చినప్పుడల్లా పైన మట్టి వేస్తారు కాబట్టి ఒక్కోసారి అది రెండు అంగుళాల కింద దొరుకుతుంది. ఆ అదనపు మట్టిని తీసేయండి.

గుంత వెడల్పు వేరుముద్దకు రెండు మూడింతలు ఉండాలి, లోతు మాత్రం వేరుముద్ద ఎత్తు కంటే కాస్త తక్కువ. అడుగు మట్టిని తవ్వి గుల్ల చేయొద్దు. గుల్ల చేస్తే నీళ్ళు పడ్డాక మొక్క కిందికి కుంగుతుంది. వేళ్ళు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఉంటే పక్కల నుంచి వేళ్ళతో విడదీయండి, మరీ గట్టిగా ఉంటే కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా గీరండి. మొక్కను గుంతలో పెట్టి, నేల మీద అడ్డంగా ఒక కర్ర ఉంచి చూడండి: వేరుముద్ద పైభాగం ఆ కర్ర కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి కనబడాలి. కొత్తలో చూడ్డానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఫరవాలేదు, తర్వాత అది కొంత దిగుతుంది.

తవ్విన మట్టిలో మూడో వంతు దాకా మాగిన ఆకు ఎరువు కలిపి పక్కల నింపండి, వేరుముద్ద మీద మాత్రం మట్టి వేయొద్దు. కాలితో తొక్కకుండా నీళ్ళు పోసి సర్దుకోనివ్వండి. పైన ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో, బెరడు ముక్కలో, పైన్ ఆకులో కప్పండి, కాండం చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి. ఈ కప్పుడు ప్రతి ఏడూ కరిగి నేలలో కలుస్తుంది, ప్రతి ఏడూ కొత్తది వేయాలి. పొద కింద పారతో తవ్వి గుల్ల చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, తెగేది వేళ్ళే. కలుపు మొక్కను చేత్తో పీకండి.

ఇప్పటికే లోతుగా నాటేసిన మొక్క ఉందా? నా మొక్కను అలాగే కాపాడుకున్నాను. పూత అయ్యాక కాండం చుట్టూ మట్టిని వేళ్ళతో తోడుకుంటూ పోతే దాదాపు నాలుగు అంగుళాల కింద వేరు మెడ దొరికింది. ఆ పైన బెరడు నల్లగా, మెత్తగా ఉంది. చుట్టూ దూరంగా తవ్వి, మొత్తం వేరుముద్దను గోనెపట్టా మీదికి ఎత్తి, కింద మట్టి నింపి, పైకి పెట్టాను. ఆ ఏడు ఒక్క చిగురు మాత్రమే వేసింది. మూడో ఏడు పూసింది.

నీళ్ళు: పువ్వు ఖాయమయ్యేది వేసవిలో

పూత అవగానే కమీలియా కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగురు ముదిరాక, నడి వేసవిలో, కొమ్మ చివర వచ్చే చలికాలపు మొగ్గలు పుడతాయి. వేసవి చివరిదాకా అవి ఊరుతూనే ఉంటాయి. ఆ సమయంలో మట్టి ఎండితే మొక్క బయటికి ఏమీ చెప్పదు. ఆకు దళసరి కాబట్టి వాలిపోదు, రంగు మారదు. లోపల మాత్రం మొగ్గకూ కాడకూ మధ్య అతుకు బలహీనపడుతుంది. తర్వాత వానలు వచ్చినా, మీరు రోజూ పోసినా ఆ అతుకు తిరిగి గట్టిపడదు. చలికాలంలో మొగ్గ ఉబ్బి బరువెక్కేసరికి ఊడిపోతుంది.

మనం తోటలో కమీలియా వైపు చూసేది అది పూసినప్పుడు, దానికి మన అవసరం పడేది మాత్రం అది ఒట్టి పచ్చటి పొదలా మూలన నిలబడి ఉన్నప్పుడు. వేసవి మధ్య నుంచి శరదృతువు మొదలయ్యేదాకా దాన్ని గుర్తుపెట్టుకోండి. కప్పిన ఎండుటాకులు పక్కకు తోసి వేలు రెండు కణుపుల లోతు గుచ్చండి. చల్లగా, తడిగా తగిలితే వదిలేయండి. పొడిగా ఉంటే ఆ రోజే పోయండి. నాటిన మొదటి రెండేళ్ళు వాన లేని వారాల్లో ఒక్కో మొక్కకు పది లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు అవసరం కావచ్చు. నేలను బట్టి, గాలిని బట్టి మారుతుంది, వేలు చెప్పిందే లెక్క. రోజూ ఒక చెంబు చల్లడం కంటే ఒకసారి నిదానంగా, లోపలిదాకా తడిసేటట్టు పోయడం మంచిది. చెట్టు కింద ఉన్న మొక్కకు వాన పడినా నీళ్ళు అందాయనుకోవద్దు. పైచెట్టు ఆకులే చాలా వానను ఆపేస్తాయి. బయట నేల బురదగా ఉన్న రోజు కూడా పొద కింద ఎండుటాకులు ఎత్తితే దుమ్ము లేవడం నేను చూశాను.

వీలైతే వాననీళ్ళు పట్టి వాడండి. బోరునీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే అది ఏళ్ళ తరబడి నేలలో చేరి పీహెచ్ పెంచుతుంది. అలాగని నీళ్ళు అసలు పోయకుండా ఉండొద్దు. వాననీళ్ళు అయిపోయిన రోజు ఏ నీళ్ళైనా ఎండబెట్టడం కంటే నయం.

మొగ్గ రాలడానికి ఇంకో మూడు కారణాలున్నాయి: వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవడం, ఒక్కసారిగా గట్టి మంచు, ఒకేచోట మరీ ఎక్కువ మొగ్గలు కట్టడం. మూడోది తప్పు కాదు, కొన్ని రకాలు తామే కొన్నిటిని వదులుకుంటాయి.

ఎరువు

తక్కువే మేలు. పూత అవగానే ఒకసారి, చిగురు ముదిరే వేళకు ఇంకోసారి, ఆమ్ల నేల మొక్కల కోసం అమ్మే నిదానంగా కరిగే ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో సగం వేయండి. తడి నేల మీదే వేయాలి, కాండానికి దూరంగా చల్లాలి. నడి వేసవి దాటాక ఆపేయండి. ఆలస్యంగా వచ్చే లేత చిగురు చలికి మాడుతుంది. ఆకు అంచులు గోధుమ రంగులో కాలినట్టు వస్తుంటే ఎరువో, నీళ్ళలోని ఉప్పో ఎక్కువైనట్టు. సున్నం, బూడిద దగ్గరికి రానివ్వొద్దు. ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా కనిపిస్తే కీలేటెడ్ ఐరన్ (వేళ్ళు సులువుగా తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము) ఇవ్వండి. వసంతంలో పాత ఆకులు కొన్ని పసుపుబారి రాలడం మాత్రం సహజం. ఎప్పుడూ పచ్చగా ఉండే పొద అంటే ఆకు ఎప్పటికీ రాలదని కాదు, ఒక్కో ఆకు రెండు మూడేళ్ళుండి రాలుతుంది. కొమ్మ చివరి ఆకులు బాగుంటే కంగారు అక్కర్లేదు.

మొగ్గలు పలచన చేయడం, కత్తిరించడం

శరదృతువులో కొమ్మ చివరను దగ్గరగా చూడండి. సన్నగా, కొన తేలి, పెన్సిలు ముల్లులా ఉన్నది ఆకు మొగ్గ. దాని పక్కనే శనగగింజలా గుండ్రంగా ఉబ్బినది పూమొగ్గ. పెద్ద పూల రకాల్లో రెండు మూడు పూమొగ్గలు గుంపుగా ఉంటే ఒక్కటి ఉంచి మిగతావి తీసేయవచ్చు. వేలితో పట్టుకుని పక్కకు మెలితిప్పితే శుభ్రంగా ఊడొస్తుంది. మొక్క నిండా చిన్న పూలు కావాలనుకునేవాళ్ళు, ససాంక్వా పెంచేవాళ్ళు ఈ పని వదిలేయొచ్చు.

కత్తిరింపుకు సమయం ఒకటే: పూత అయ్యాక, కొత్త చిగురు లేవకముందు. నడి వేసవి తర్వాత కత్తిరిస్తే వచ్చే ఏటి పువ్వులనే కత్తిరించినట్టు. ముందు ఎండిన కొమ్మలు, ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు, పొద లోపలికి పెరిగే సన్న పుల్లలు తీయండి. నడుమ వెలుతురు, గాలి ఆడితే పొలుసు పురుగు రావడమూ తగ్గుతుంది. పొట్టిగా, గుబురుగా కావాలంటే కొమ్మను చివరి నుంచి కిందికి చూసుకుంటూ రండి. నిరుటి పెరుగుదల ఎక్కడ మొదలైందో అక్కడ ఉంగరంలా సన్నని మచ్చల గీత ఉంటుంది, దాని కింద బెరడు రంగు కూడా మారుతుంది. ఆ గీతకు ఒక సెంటీమీటరు పైన కత్తిరిస్తే అక్కడ నిద్రపోతున్న మొగ్గలు మూడు నాలుగు ఒకేసారి లేస్తాయి.

చేయి దాటి పెరిగిపోయిన ముసలి పొదను మోకాలెత్తుకు నరికినా కమీలియా మళ్ళీ లేస్తుంది. కానీ మొక్క ఆరోగ్యంగా ఉంటేనే చేయండి. ఒకేసారి కాకుండా మూడేళ్ళలో మూడో వంతు చొప్పున చేస్తే చూడ్డానికీ బాగుంటుంది, మొక్కకూ భారం ఉండదు.

కుండీలో

మొక్క కంటే మరీ పెద్ద కుండీ వద్దు. వేళ్ళు లేని తడిమట్టి పుల్లబడి వేరుకుళ్ళు తెస్తుంది. వేరుముద్ద కంటే నాలుగైదు సెంటీమీటర్లు వెడల్పున్న కుండీతో మొదలుపెట్టి, రెండు మూడేళ్ళకోసారి ఒక సైజు పెంచండి. మిశ్రమంలో బెరడు ముక్కలు, ఆకు ఎరువు లేదా కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి గుళికలు) ఉంటే నీళ్ళు పట్టుకుంటుంది, నిలవనివ్వదు. మామూలు తోటమట్టి కుండీలో గట్టిబడుతుంది. కుండీని రెండు ఇటుకల మీద పెట్టండి, అడుగు రంధ్రం మూసుకోదు. నేలలో వేళ్ళకున్న రక్షణ కుండీలో ఉండదు కాబట్టి మట్టి గడ్డకట్టే చలిలో కుండీ చుట్టూ గోనెపట్టా చుట్టండి. మొగ్గలతో ఉన్న కుండీని వేడిగా ఉన్న గదిలోకి తీసుకెళితే రెండు మూడు రోజుల్లో మొగ్గలన్నీ నేల మీద ఉంటాయి.

చీడలు, తెగుళ్ళు

ఆకుపై పసుపు చుక్కలు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. అడుగున తెల్లటి దూది పోగులు, చిన్న గోధుమ పొలుసులు అంటుకుని ఉంటే అది పొలుసు పురుగు. ఆకు పైన మసి పూసినట్టు నల్లబడితే పై ఆకుల నుంచి పురుగు వదిలిన తీపి జిగురు మీద బూజు పెరిగిందన్నమాట. మసిని తుడిచి లాభం లేదు, పురుగును తీయాలి. కొద్దిగా ఉంటే పాత టూత్‌బ్రష్‌తో గీకేయవచ్చు. ఎక్కువైతే హార్టికల్చరల్ ఆయిల్‌ను (మొక్కల మీద పురుగులకు కొట్టే నూనె మందు) ఆకు అడుగుభాగం పూర్తిగా తడిసేటట్టు, ఎండ లేని చల్లటి రోజున కొట్టండి. రెండు మూడు వారాలకు ఇంకోసారి. లేత చిగుళ్ళకు పట్టే పేనుబంకకు నీళ్ళ పైపు ధార చాలు.

వసంతంలో కొన్ని చిగురాకులు అప్పచ్చిలా ఉబ్బి, లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇది ఒక శిలీంధ్రం పని. ఆకు అడుగు తెల్లబడి బీజాలు రాలకముందే కోసి తోట బయట పారేయండి, మందు అక్కర్లేదు.

భయపడాల్సింది రేకు మాడు తెగులుకు. విచ్చుకున్న పువ్వు మీద చిన్న గోధుమ మచ్చగా మొదలై ఒకటి రెండు రోజుల్లో పువ్వంతా పాకుతుంది, రేకుల ఈనెలు ముదురుగా బయటపడతాయి. మంచుకు మాడినా గోధుమ రంగే వస్తుంది కాబట్టి తేడా తెలియాలి. ఆ పువ్వు వెనక పచ్చటి పొలుసులు ఊడదీసి రేకుల మొదలు చూడండి. అక్కడ బూడిద తెలుపు ఉంగరంలా బూజు ఉంటే ఈ తెగులే. ఆకులకూ కొమ్మలకూ ఏమీ చేయదు, కానీ రాలిన పువ్వులో నల్లటి గట్టి గడ్డలుగా మారి నేలలో కొన్నేళ్ళు ఉండిపోతుంది. ఆ పూలను ఒక్కటి కూడా వదలకుండా ఏరి పారేయండి, కంపోస్టులో వేయొద్దు. కింద కప్పిన పాత ఆకులు తీసేసి కొత్తవి వేయండి.

నీళ్ళు పుష్కలంగా ఉన్నా మొక్క వాడిపోతుంటే వేరుకుళ్ళు అనుకోవాలి. అది ముదిరాక బతికించడం కష్టం, ముందు జాగ్రత్త మట్టి ఎత్తు చేసుకోవడమే. ఆకుల మీద పసుపు, తెలుపు మరకలు వచ్చి మొక్క మాత్రం బాగానే ఉంటే అది వైరస్. దానికి మందు లేదు, పెద్ద నష్టమూ లేదు. ఆ మొక్క నుంచి అంటు మాత్రం తీయకండి.

కొత్త మొక్క కట్టుకోవడం

గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిలా ఉండదు, పూయడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. ఓపిక ఉంటే అదీ ఒక ఆనందమే: కాయ పగలగానే గింజలు తీసి, ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, ఎండనివ్వకుండా వెంటనే నాటండి.

నచ్చిన రకం అచ్చంగా కావాలంటే కొమ్మ నాటాలి. వేసవిలో ఆ ఏటి చిగురు ముదిరి, కింది భాగం ఆకుపచ్చ నుంచి గోధుమకు తిరిగేటప్పుడు పది సెంటీమీటర్ల ముక్క తీయండి. పై ఆకులు రెండు మూడు ఉంచి, అడుగున ఒక పక్క బెరడు రెండు సెంటీమీటర్లు పలచగా చెక్కి, రూటింగ్ పౌడర్ (వేరు త్వరగా పట్టడానికి వాడే పొడి) అద్ది, పెర్లైట్, కోకోపీట్ కలిపిన మిశ్రమంలో గుచ్చండి. పైన పాలిథిన్ సంచి కప్పి నీడలో ఉంచితే రెండు మూడు నెలలకు వేరు పడుతుంది. పది పెడితే పదీ బతకవు.

తొందరగా పెద్ద మొక్క కావాలనుకునేవాళ్ళకు గాలి అంటు మంచిది. వసంతంలో పెన్సిలు లావు, అరమీటరు పొడవు కొమ్మను ఎంచుకోండి. మూడు సెంటీమీటర్ల మేర బెరడును ఉంగరంలా వలిచేయండి. కింద తెల్లటి కట్టె మీద జారుడుగా ఒక పొర మిగులుతుంది, కత్తి వెనక వైపుతో దాన్ని పూర్తిగా గీకండి. అది మిగిలితే గాయం పూడుకుపోతుంది, వేరు రాదు. పై అంచుకు రూటింగ్ పౌడర్ రాసి, నానబెట్టి పిండిన స్ఫాగ్నం నాచును గుప్పెడు చుట్టి, పాలిథిన్‌తో రెండు పక్కలా బిగించి కట్టండి. దాని మీద ఎండ పడకుండా అల్యూమినియం రేకు చుట్టండి. నెలకోసారి విప్పి తడి చూడండి. శరదృతువుకు తెల్లటి వేళ్ళు నాచు అంచులదాకా కనిపిస్తాయి. అప్పుడు కట్టుకు దిగువన కోసి, నాచును కదపకుండా కుండీలో పెట్టి, సగం ఆకులు తీసేసి, గాలి తగలని నీడలో ఉంచండి. ఆ కొమ్మ మీద పూమొగ్గలు ఉంటే ఆ ఏటికి గిల్లేయండి. ఏడాది కుండీలోనే పెరగనిచ్చి, తర్వాత నేలలో నాటుకోవచ్చు. అప్పుడు వేరుముద్ద పైభాగం నేలకు మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి ఉందో లేదో కర్ర పెట్టి చూసుకోండి.